మొదటి రెండు పీరియడ్లు

వెంకట్రావు పేపరు చదవడు, దిద్దుతాడు. ఛత్రినాకలో ఆ గల్లీ గల్లీ అంతా ఎరిగిన సంగతే ఇది. పొద్దున్నే స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, వరండాలో పేము కుర్చీలో కూచుని ఎర్రకలం మూత తీస్తాడు. తప్పు కనిపించిన చోటల్లా సున్నా చుడతాడు. ఎనిమిదయ్యేసరికి మొదటి పేజీ అమ్మవారు పోసినట్టు తయారవుతుంది. అప్పుడు పక్కింటి రవీందర్ వచ్చి ఆ పేపరు పట్టుకుపోతాడు. పోయే ముందు ఇవాళ ఎన్ని దొరికాయని అడగాలి, వెంకట్రావు లెక్క చెప్పాలి, ఈ కాలం పిల్లలకు చదువెక్కడిదని ఇద్దరూ కాసేపు నిట్టూర్చాలి. అది రోజూ జరిగే పూజ.

ఆయన జేబులో ఇంకో కలం కూడా ఉంటుంది. అది పచ్చసిరాది. గుంటూరు జిల్లా నుంచి టీచరు ఉద్యోగానికొచ్చి, ఈ పాతబస్తీలోనే ముప్పై ఆరేళ్ళు చేసి, హెడ్‌మాస్టరుగా దిగిపోయాడు. హెడ్‌మాస్టరంటే గెజిటెడ్ హోదా. పచ్చసిరాతో సంతకం పెడితే కాగితానికి ప్రాణం వచ్చేది. ఇప్పుడెవరి కాగితం మీద వాళ్ళే సంతకం పెట్టుకుంటున్నారు. రిటైరై అయిదేళ్ళయినా ఆయన మాత్రం ఆ కలంలో సిరా ఎండనివ్వలేదు.

అందుకే బుధవారం పొద్దున బాలనర్సింహ ఒక పిల్లను వెంటబెట్టుకొచ్చి, సంతకం కావాలి సార్ అన్నప్పుడు, వెంకట్రావుకు లోపల ఎక్కడో చల్లగా తగిలింది. కానీ మొహం మీద కనపడనివ్వలేదు.

బాలనర్సింహ అదే బళ్ళో అటెండరు. గంట కొట్టింది అతనే, సారుకు టీ తెచ్చింది అతనే. ఇద్దరూ ఒకే ఏడు దిగిపోయారు. ఇప్పటికీ సారు ముందు కుర్చీలో కూచోడు. స్తంభానికి ఆనుకుని నిలబడే మాట్లాడతాడు.

"మన బడిల చదివిన పిల్లే సార్. మాహిరా. ఫలక్‌నుమా స్టేషన్ అవతల ఉంటరు. నర్సింగ్ కాలేజీల సీటొచ్చింది. సర్కారు సీటు" అన్నాడు.

పద్దెనిమిదేళ్ళుంటాయి ఆ పిల్లకు. నల్ల బురఖా మీద ప్లాస్టిక్ ఫోల్డరు రెండు చేతులతో అదిమి పట్టుకుంది. "సలామ్ సార్" అంది, నేల చూస్తూ.

"అయితే నా సంతకం ఎందుకు?"

"ఆరు నుంచి పది దాంక ఎక్కడెక్కడ చదివిందో సర్టిఫికెట్లు అడుగుతున్నరు సార్. ఎనిమిది నుంచి వేరే బడి, అవి ఉన్నయి. ఆరు, ఏడు మన బడిల. మీరు దిగిపోయిన ఏడు వానలకు బళ్ళెకు నీళ్ళు జొచ్చినయి గద, రిజిస్టర్లన్ని ముద్దయినయి. ఇప్పుడున్న కమలకుమారి మేడం ఏమన్నదంటే, అప్పటి హెడ్‌మాస్టర్ సారు ఒక్క ముక్క రాసిస్తే దాన్ని చూసి నేను సర్టిఫికెట్ ఇస్త అన్నది. శనివారం ఒంటిగంటకల్ల కాలేజీల జూపియ్యాలె. లేకుంటే సీటు వెనకటోళ్ళకు పోతది."

ఉత్తరం టైపు చేయించే తెచ్చారు. నాలుగే వాక్యాలు. మాహిరా అను విద్యార్థిని మా పాఠశాలలో ఆరు, ఏడు తరగతులు చదివినదని ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది. కింద సంతకానికి చోటు. వెంకట్రావు కళ్ళద్దాలు తుడుచుకుని రెండుసార్లు చదివాడు. తప్పు దొరకలేదు. పచ్చకలం మూత తీశాడు కూడా. తీసి, ఎందుకో మళ్ళీ పెట్టేశాడు.

"కూచో అమ్మాయ్. సంతకానికి ఎంతసేపు. ముందు నేను చెప్తాను, నువ్వు రాయి."

బాలనర్సింహ మొహం వాడిపోయింది. సారు డిక్టేషన్ అంటే ఏమిటో అతనికి తెలుసు. పిల్ల ప్లాస్టిక్ కుర్చీ అంచున కూచుని, ఒళ్ళో ఫోల్డరు పెట్టుకుని, ఇచ్చిన తెల్లకాగితం దాని మీద పరుచుకుంది.

వెంకట్రావు గొంతు సవరించుకున్నాడు. అయిదేళ్ళుగా వాడని గొంతు అది, అయినా చెక్కు చెదరలేదు. "పాఠశాల ఆవరణంలో... విద్యార్థులు... నిశ్శబ్దంగా... వరుసలో నిలబడి..."

మొదటి మాట రాసింది. రెండో మాట మొదలుపెట్టి ఆగింది. కలం కాగితం మీదే ఉంది గాని కదలడం లేదు. వెంకట్రావు మళ్ళీ మొదటి నుంచి చెప్పాడు, ముక్క ముక్కగా విరిచి. కలం కదల్లేదు. మూడోసారి చెప్పాడు. సరిగ్గా అప్పుడే పేపరు కోసం రవీందర్ వచ్చి మెట్టు మీద నిలబడ్డాడు. మనిషి నిలబడ్డాక వెంకట్రావు నాలుగోసారి చెప్పాడు, ఇంకొంచెం పెద్ద గొంతుతో. ఆ నాలుగోసారి అవసరం లేదు. పిల్ల మొహం ఎర్రబడటం ఆయనకు కనిపించింది.

"ఏం చదివినవమ్మా నువ్వు?" అన్నాడు రవీందర్.

"ఇంటర్ పాసైన అంకుల్. తొంభై ఒక శాతం" అంది మెల్లగా. "ఇంగ్లీష్‌ల రాస్త సార్. ఎనిమిది నుంచి ఇంగ్లీష్ మీడియం."

"విన్నారా రవీందర్ గారూ? తొంభై ఒకటి!" వెంకట్రావు నవ్వాడు. "మా నాన్న ఎనిమిదో తరగతి. కచేరీలో గుమాస్తాలకు అర్జీలు దిద్దిపెట్టేవాడు. ఇది నేటి ఇంటరు. పైగా నా బళ్ళో చదివిందట. నా బళ్ళో మొదటి రెండు పీరియడ్లు తెలుగు, లెక్కలు. పొద్దుటి పూట బుర్ర తేటగా ఉంటుందని నేనే వేసిన టైంటేబుల్ అది. చుట్టుపక్కల బళ్ళన్నీ నన్ను చూసి మార్చుకున్నాయి. ఆ టైంటేబుల్‌లో రెండేళ్ళు కూచున్న పిల్లకు ఒక్క వాక్యం రాకుండా పోతుందా?"

"ఆ రెండు పీరియడ్లు సార్..." అని తలెత్తింది మాహిరా. బాలనర్సింహ దగ్గాడు. ఆమె అతని వైపు చూసింది. అతను తన చెప్పుల వైపు చూసుకుంటున్నాడు.

"ఏం, ఎగ్గొట్టావా?"

"లేద్సార్. రోజు వచ్చిన. ఒక్కరోజు గూడ నాగా లేదు."

"రావడం వేరు, చదవడం వేరు. ఇందులో చదివినది అని ఉంది." వెంకట్రావు ఉత్తరం మడిచి వెనక్కి ఇచ్చాడు. "నా సర్వీసులో ఒక్క అబద్ధపు సంతకం లేదమ్మా. ఇప్పుడు నీ కోసం మొదలుపెట్టను."

బాలనర్సింహ రెండు చేతులూ జోడించాడు. తండ్రి ఆటో నడుపుతాడనీ, పోయినేడు నడుం విరిగి మంచాన పడ్డాడనీ, ఈ ఒక్క సీటు మీదే ఇల్లంతా ఆశ పెట్టుకుందనీ చెప్పుకుపోయాడు. వెంకట్రావు చెయ్యెత్తి ఆపాడు. లోపలికెళ్ళి, బీరువాలోంచి ఏడో తరగతి తెలుగు వాచకం తెచ్చి, పిల్ల చేతిలో పెట్టాడు.

"రెండో పాఠం. రేపు ఇదే వేళకు వచ్చి తప్పుల్లేకుండా చదువు. చదివితే సంతకం. నేనేమీ కసాయివాణ్ణి కాదు."

ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాడు. పిల్ల గేటు దాటాక రవీందర్‌తో, అదీ గురువంటే అనిపించుకున్నాడు కూడా.

సాయంత్రం మనవరాలు నీహారిక బడి బస్సు దిగింది. తొమ్మిదేళ్ళది. పెద్ద పేరున్న ఇంగ్లీషు బళ్ళో నాలుగో తరగతి. కిరాణా కొట్టు మీద బోర్డు చదవమంటే కింద ఇంగ్లీషులో ఉన్నది చదివి, తెలుగు "సర్కిల్స్ సర్కిల్స్‌గా ఉంటుంది తాతయ్యా, నాకు రాదు" అంది. వెంకట్రావు పగలబడి నవ్వాడు. సర్కిల్సట, అని కోడలికి చెప్పి మళ్ళీ నవ్వాడు. వాళ్ళ బళ్ళో తెలుగు లేదు మరి, పిల్ల తప్పేముంది.

ఆ పిల్లకు ఒక అలవాటుంది. కునుకు పట్టాలంటే ఎవరైనా పక్కన కూచుని కనుబొమ్మ మీద వేలితో, ముక్కు వైపు నుంచి చెవి వైపుకు, నెమ్మదిగా రాయాలి. ఎవరు రాసినా కుదరదు. తల్లి సుచరిత రాస్తే గట్టిగా ఉందంటుంది, తండ్రి ఫణి రాస్తే చక్కిలిగిలంటుంది. "ఎవరు చేశారో మహాతల్లి, ఈ అలవాటు" అని సుచరిత విసుక్కుంటే, "బళ్ళో ఆయమ్మ చేసుంటుంది" అనేవాడు వెంకట్రావు. సుచరిత బ్యాంకు ఉద్యోగంలో మళ్ళీ చేరినప్పుడు నీహారికకు ఏడాదిన్నర. క్రెష్‌లో వేస్తానంటే వెంకట్రావు వద్దన్నాడు. నా బళ్ళో ఆయమ్మ ఉంది, నాతో తీసుకుపోతా, మన కళ్ళ ముందే ఉంటుందన్నాడు. అలా రెండేళ్ళు తాతతోపాటు ఆ పిల్లా బడికెళ్ళింది. సుచరిత పండక్కీ పబ్బానికీ ఆయమ్మకని చీరలు పంపేది.

గురువారం మాహిరా చెప్పిన వేళకే వచ్చింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. పుస్తకానికి పాత క్యాలెండరు కాగితంతో అట్ట వేసి ఉంది. బాలనర్సింహ స్తంభం దగ్గర తన చోట నిలబడ్డాడు. రవీందర్ ఇవాళ ముందే వచ్చి కూచున్నాడు, చూడాలని.

"చదువు."

చదివింది. వెంకట్రావు చెవులను ఆయనే నమ్మలేకపోయాడు. ఎక్కడా తట్టుకోలేదు. కామా దగ్గర ఆగింది, ఫుల్‌స్టాప్ దగ్గర ఊపిరి తీసుకుంది. రవీందర్ కనుబొమ్మలు పైకెత్తాడు. బాలనర్సింహ పెదవులు పిల్లతోపాటే చప్పుడు లేకుండా కదులుతున్నాయి. వెంకట్రావు అది చూశాడు. తర్వాత పిల్ల చేతిని చూశాడు. పాఠం మొదటి పేజీ దాటి రెండో పేజీలోకి వెళ్ళిపోయింది, చెయ్యి మాత్రం పేజీ తిప్పలేదు.

అక్కడే ఆపేయవచ్చు. ఆపలేదు. చదవనిచ్చాడు. ఆ పిల్ల గొంతులోకి కొంచెం కొంచెంగా ధైర్యం వస్తుంటే, ఆఖరి పేరాలో తలెత్తి ఆయన మొహంలోకి చూసి చిన్నగా నవ్వేదాకా చదవనిచ్చాడు. పాఠం అయిపోయాక లేచి వెళ్ళి, ఆమె భుజం మీదుగా వంగి, పేజీ మధ్యలో ఒక వాక్యం కింద గోరు పెట్టాడు.

"ఇక్కణ్ణుంచి."

గల్లీలో కొళాయి నీళ్ళకు బిందెలు తోసుకుంటున్న చప్పుడు వినిపించింది. పిల్ల వేలు ఆ గోరు పక్కకు వచ్చి నిలబడింది. ఒక్కో అక్షరం కూడబలుక్కుని, మూడు మాటలు చదివి, ఆగిపోయింది.

"ఎవరు నేర్పారు వల్లె వేయడం?"

"నేనే సార్" అన్నాడు బాలనర్సింహ. "నిన్న స్టేషన్‌ల ప్లాట్‌ఫారం మీద కూసున్నం. వాళ్ళింట్ల జాగ లేదు, మా ఇంట్ల లొల్లి. నేను చదివిన, పిల్ల విన్నది. ఒక్కటే దినంల మొత్తం వట్టేసింది సార్. గంత తెలివి సార్ దానికి."

"నువ్వెంత చదివావు బాలనర్సింహా?"

"ఐదో క్లాసు సార్. తెల్వదా మీకు."

"చూశారా" అన్నాడు వెంకట్రావు, రవీందర్ వైపు తిరిగి. "వీడి అయిదో తరగతి ముందు దీని ఇంటరు చాల్లేదు. నేను రోజూ చెప్పేది ఇదే." బాలనర్సింహ మొహంలో సారు మెచ్చుకున్నాడన్న వెలుగు ఒక్క క్షణం వచ్చింది. మరుక్షణం అతను తల దించేసుకున్నాడు. "మోసం కూడా నేర్చావన్నమాట అమ్మాయ్. ఇంక రావక్కర్లేదు. పుస్తకం అక్కడ పెట్టు."

మాహిరా పుస్తకం బల్ల మీద పెట్టింది. వేసిన అట్ట నలగకుండా, నిదానంగా పెట్టింది. ఏడవలేదు. అది వెంకట్రావుకు పొగరనిపించింది.

శుక్రవారం నీహారికకు జ్వరం. సుచరిత సెలవు పెట్టి ఇంట్లో ఉంది. ఫణి విజయవాడ క్యాంపులో ఉన్నాడు. మధ్యాహ్నం అన్నం తిని వెంకట్రావు వెనక గదిలో నడుం వాల్చాడు. కునుకు పట్టీ పట్టకుండా ఉన్నప్పుడు ముందు గదిలో నీహారిక ఏడుపూ, వాంతి చప్పుడూ, సుచరిత కంగారూ వినిపించాయి. తర్వాత ఇంకో గొంతు వినిపించింది.

"మేడం, నేను రానా లోపలికి? జర పిల్లను పక్కకు తిప్పుండ్రి, ఎల్లెలకల పండబెట్టొద్దు."

వెంకట్రావు లేచి తలుపు దగ్గరికొచ్చాడు. కర్టెన్ సందులోంచి కనిపించింది. మాహిరా. రావద్దన్నా సంతకం కోసం మళ్ళీ వచ్చి, గేటు దగ్గర ఎంతసేపు నిలబడి ఉందో ఏమో. చెప్పులు వరండాలో వదిలి వచ్చి, పిల్లను పక్కకు తిప్పి, తువ్వాలుతో మూతి తుడిచి, మణికట్టు పట్టుకుని గడియారం చూస్తోంది. పెదవులు కదులుతున్నాయి. ఈసారి వల్లె వేయడం కాదు, లెక్క.

"పిల్ల ఎంత బరువు మేడం?"

"ఇరవై ఆరు కేజీలు. జ్వరం మందు అయిదు ఎమ్మెల్ పడదామని..."

సీసా అందుకుని దాని మీద ఇంగ్లీషులో ఉన్న సన్నక్షరాలు గబగబా చదివింది. "ఐదు చాలదు మేడం. దీంట్ల ఐదు ఎమ్మెల్‌కు రెండువందల యాభై ఎంజీ ఉన్నది. ఇరవై ఆరు కేజీలకు ఏడున్నర పడాలె. వాంతయింది గద, ఒక పావుగంట ఆగి పట్టుండ్రి. నాది ఒకేషనల్ ఇంటర్, మాకు దవాఖాన ట్రైనింగ్ ఉండె." సుచరిత తల ఊపి చెంచా పక్కన పెట్టింది.

నీహారిక మూలుగుతూ అటూ ఇటూ దొర్లుతోంది. మాహిరా మంచం పక్కన నేల మీద గొంతుకూచుంది. చూపుడు వేలు పిల్ల కనుబొమ్మ మీద పెట్టి, ముక్కు వైపు నుంచి చెవి వైపుకు, ఈక ఆనించినట్టు రాసింది. ఒకటి, రెండు, మూడు. నీహారిక మూలుగు ఆగింది. అయిదారుసార్లు రాసేసరికి నోరు కొంచెం తెరుచుకుని నిద్రలోకి జారింది.

సుచరిత నిలబడిపోయింది. "నీకెలా తెలుసు ఇది?"

"నేనే చేస్తుంటి మేడం. బళ్ళె." మాహిరా గొంతు తగ్గించింది, పిల్ల లేస్తుందని. "రెండేండ్లు నా ఒళ్ళెనే ఉన్నది. అప్పుడు గింత ఉండె. పొద్దుగాల తొమ్మిదింటికి సారు తీస్కొస్తుండె. పదకొండు గొట్టేదాంక ఎత్తుకుని ఆఫీసు రూం ముంగట బల్ల మీద కూసుంటుంటి. కనుబొమ్మ మీద రాస్తేనే పండుకుంటుండె. పండుకున్నంక క్లాసుకు పోతుంటి."

"ఆయమ్మ చూసుకునేదన్నారే."

"ఆయమ్మ లేకుండె మేడం మన బళ్ళె. మీరు పంపిన చీరలు మా అమ్మ కట్టింది. ఇప్పటికీ ఒకటున్నది, పచ్చది."

బాలనర్సింహ అప్పుడే గేటు తీసుకుని వచ్చి, వరండాలో నిలబడి ఈ మాటలు విన్నాడు. సుచరిత అతని వైపు చూసింది. అడగలేదు, చూసింది. అతనే చెప్పాడు.

"నిజమే మేడం. సారు ఎవలన్న నెమ్మదిగల్ల పిల్లను పిలుచుకరా అన్నడు. మొదలు ఆరు బి నుంచి, మల్ల ఏడాది ఏడు బి నుంచి. నేనే పిలుచుకొచ్చిన. మొదటి రెండు పీరియడ్లు."

కర్టెన్ వెనక వెంకట్రావు అంతా విన్నాడు. ఆయనకు గుర్తొచ్చింది. పిల్ల మొహం కాదు, మొహం ఎప్పుడూ చూడలేదు. ఆఫీసు గది కిటికీలోంచి కనిపించే రెండు జడలు, రిబ్బన్లు, భుజం మీద నీహారిక తల. ఆ కిటికీ పక్కనే కూచుని ఆయన టైంటేబుల్ వేసేవాడు. ఎదురు క్లాసులోంచి పద్యం పాడుతున్న పిల్లల గొంతులు వచ్చేవి, బల్ల మీద పిల్ల వాటికి తల ఊపేది. నీహారికను ఆడిస్తోందనుకున్నాడు.

సిగ్గేయలేదని కాదు. వేసింది, చెవులు కాలేంతగా. కానీ ఆయనలో సిగ్గు ఏనాడూ సిగ్గుగా బయటికి రాలేదు, కోపంగానే వచ్చేది. నా ఇంట్లో, నా కోడలి ముందు, ఈ అటెండరు నన్ను నిలబెడతాడా?

కర్టెన్ తోసుకుని వచ్చాడు.

"మావయ్యగారూ" అంది సుచరిత. గొంతు మామూలుగానే ఉంది. "ఆ కాగితం మీద సంతకం పెట్టివ్వండి."

"ఇస్తానమ్మా. ఇవ్వనన్నానా?"

మాహిరా ఫోల్డరులోంచి ఉత్తరం తీసి రెండు చేతులతో ఇచ్చింది. బాలనర్సింహ ఆటో పిలవడానికి వెళ్ళాడు. కమలకుమారి మేడం మీటింగుకు పోయింది, రేపు పొద్దున్నే వస్తానంది కాబట్టి ఈ రాత్రికి కాగితం జెరాక్స్ తీసి ఉంచుకోవాలని అతని తొందర.

వెంకట్రావు తన బల్ల దగ్గర కూచున్నాడు. పచ్చకలం మూత తీశాడు. సంతకం పెట్టాడు. రబ్బరు స్టాంపు ఇంకు అద్ది వేశాడు. ఉత్తరం మళ్ళీ చదివాడు. చదివినది, అని ఉంది. ఎలా చదివింది? ఆ రెండేళ్ళూ క్లాసులో లేదని ఇప్పుడు ఇంటిల్లిపాదికీ తెలుసు. తెలిసి సంతకం పెడితే అది అబద్ధం కాదా? ఆలోచన ఎంత సాఫీగా వచ్చిందో ఆయనకే ముచ్చటేసింది. సంతకం పక్కన, చిన్న ఖాళీలో, గొలుసుకట్టు రాతలో రాశాడు. "పై విద్యార్థిని రెండు సంవత్సరములు పాఠశాలకు హాజరైన మాట వాస్తవము. విద్య నేర్చిన మాట వాస్తవము కాదు." చెయ్యి ఎత్తకుండా రాశాడు. అక్షరాలు ముత్యాల్లా వచ్చాయి.

తీసుకొచ్చి మాహిరా చేతికిచ్చాడు. "చూసుకో."

చూసుకుంది. పచ్చసిరా, సంతకం, గుండ్రటి స్టాంపు. ఆ పక్కన ఉన్న రెండు వరసలు కూడా చూసింది. ఆమె కళ్ళు వాటి మీదుగా వెళ్ళి మళ్ళీ సంతకం దగ్గరికి వచ్చేశాయి. మొహమంతా విచ్చుకుంది.

"మస్తు మంచిగ రాసిండ్రు సార్" అంది. "షుక్రియా సార్. అల్లా మీకు మంచిగ చూడాలె."

కాగితం ఫోల్డరులో పెట్టి, వెళ్ళబోతూ ఆగి, నీహారిక నుదురు తాకి చూసింది. జ్వరం దిగుతోందని సుచరితకు చెప్పి, చెప్పులేసుకుంది. ఆటో మలుపు తిరిగేదాకా వెంకట్రావు వరండాలోనే నిలబడ్డాడు. చెప్పాలంటే అది ఒక్క నిమిషం పని. చెప్పలేదు.

శనివారం పెన్షనర్ల సంఘం సమావేశం. వెంకట్రావు మాట్లాడాల్సిన విషయం నెల కిందటే ఖాయమైంది. మన చదువులూ, మన పిల్లల చదువులూ. పదింటికి వేదిక ఎక్కాడు. పదీ పదికి జేబులో ఫోన్ వణికింది. తీసి చూశాడు. బాలనర్సింహ. ఎందుకో ఆయనకు తెలుసు. ఫోన్ బోర్లా పెట్టి మైకు దగ్గరికి నడిచాడు.

గంటసేపు మాట్లాడాడు. ఆనాటి అయిదో తరగతికి ఈనాటి ఇంటరు సాటి రాదన్నాడు. పేర్లు చెప్పకుండా, మొన్న మా ఇంటికో అమ్మాయి వచ్చింది, తొంభై ఒక శాతం, అని మొదలుపెట్టి పేజీ తిప్పని చెయ్యి సంగతి చెప్పాడు. హాలంతా నవ్వారు. ముందు వరసలో ఉన్నవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. బల్ల మీద ఫోన్ మధ్యమధ్య వణుకుతూనే ఉంది. శాలువా కప్పి, భోజనం పెట్టారు. బయటికొచ్చి చూసుకుంటే పదకొండు కాల్స్. ఆఖరిది ఒంటిగంటకు అయిదు నిమిషాల ముందు.

సాయంత్రం నీహారిక లేచి సోఫాలో కూచుని బిస్కెట్లు తింటోంది. సుచరిత మామగారి కాఫీ బల్ల మీద పెట్టి వెళ్ళింది. నిన్నటి నుంచీ ఆయనతో మాట్లాడటం లేదు. అయిదింటికి గేటు చప్పుడైంది. బాలనర్సింహ ఒక్కడే వచ్చాడు.

"ఫోన్ చేసిన సార్."

"మీటింగులో ఉన్నాను."

"గట్లనే అనుకున్న." ఉత్తరం తీసి బల్ల మీద పరిచాడు. "కమలకుమారి మేడం చదివి భయపడ్డది సార్. గిట్ల రాసినంక నేనెట్ల సర్టిఫికెట్ ఇస్త, రేపు నా కొలువు మీదికొస్తది, ఆ సారుతోని వేరేది రాపిచ్చుకరాండ్రి అన్నది. ఈడికొచ్చినం. తాళం ఏసున్నది, మేడం పాపను డాక్టర్‌కు జూపియ్య పోయినట్టున్నది. కాలేజీకి ఉరికినం. బతిమాలినం. ఒంటిగంటకు వెనకటి పేరు పిలిచిండ్రు."

వెంకట్రావు కాఫీ గ్లాసు ఎత్తి, తాగకుండా పెట్టేశాడు. "వచ్చే ఏడాది మళ్ళీ రాసుకోవచ్చు."

"వచ్చే ఏడాదా." బాలనర్సింహ ఆ మాటను నోట్లో తిప్పి చూశాడు. "సోమవారం నుంచి పనికి పోతది సార్. ఫలక్‌నుమాల పిల్లల దవాఖానల ఆయా కావాలన్నరట."

సుచరిత వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"ఏం రాసిండు చాచా, మేడం ఎందుకు ఇస్తలేదు, చదువు అన్నది సార్. నిన్న జెరాక్స్ పిల్లనే తీపిచ్చింది, నేను గూడ అప్పుడే చూసిన. నడిరోడ్డు మీద చదివి వినిపిచ్చిన. నాకు గొలుసుకట్టు వస్తది గద. మీ కాలమోణ్ణి." బాలనర్సింహ గొంతు ఎక్కడా పెరగలేదు. "విన్నది. లొల్లి వెట్టలే. సారు రాసింది నిజమే గద చాచా, అన్నది. సగమే రాసిండు, తతిమ్మ సగం గూడ రాయమను, కింద జాగ ఉన్నది, అన్నది."

నిజమే. స్టాంపు కింద నాలుగు వేళ్ళ మందం తెల్లగా ఉంది.

"ఇప్పుడు రాసి ఏం లాభం? సీటే పోయిందంటివి."

"లాభానికి కాదు సార్."

బాలనర్సింహ స్తంభం దగ్గర్నుంచి కదిలాడు. బుధవారం మాహిరా కూచున్న ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని, వెంకట్రావుకు ఎదురుగా వేసుకుని, కూచున్నాడు. ముప్పై ఏళ్ళలో ఆయన ముందు అతను కూచోవడం అదే మొదలు. ఎక్కడ పెట్టుకోవాలో తెలియని చేతులు రెండూ మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. సుచరిత వచ్చి, మామగారి జేబులోంచి పచ్చకలం తీసి, మూత విప్పి, కాగితం పక్కన పెట్టింది.

"నేను చెప్త సార్" అన్నాడు బాలనర్సింహ. "మీరు రాయిండ్రి."

వెంకట్రావు కలం అందుకున్నాడు. ఎందుకు అందుకున్నాడో ఆయనకే తెలియదు. కలం ముల్లు కాగితం మీద ఆనింది.

"పొద్దుగాల... తొమ్మిది గంటలకు... నా మనవరాలిని..."

ముల్లు ఆనిన చోట పచ్చ చుక్క ఒకటి ఊరి, కొద్దికొద్దిగా పెద్దదవుతోంది. పక్కింటి గోడ మీదుగా రవీందర్ తొంగి చూసి, ఏమిటన్నట్టు తల ఎగరేశాడు.

"తాతయ్యా, డిక్టేషనా?" అంది నీహారిక, బిస్కెట్టు నములుతూ.

కలం కదల్లేదు. బాలనర్సింహ, సారు ఎలా చెప్పేవాడో అలాగే, ముక్క ముక్కగా విరిచి, మళ్ళీ మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాడు.